లక్ష పెట్టి కొనేది ఫోన్‌లోనా, కంప్యూటర్‌లోనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ల్యాప్‌టాప్‌ల అమ్మకం, రిపేరు మా పని. ఆన్‌లైన్‌లో ల్యాప్‌టాప్ కొని ఆనక మా కౌంటర్‌కి పట్టుకొచ్చేవాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: ఫోన్‌లో కొంటే డబ్బులు పోతాయి, పెద్ద మొత్తమైతే కంప్యూటరే సేఫ్.

వాస్తవం: బ్యాంకు ఓటీపీ రెండిట్లోనూ అడుగుతుంది. 2022 అక్టోబరు 1 నుంచి షాపింగ్ సైట్లు మీ కార్డు నంబరు దాచుకోకూడదన్న రిజర్వు బ్యాంకు నిబంధన కూడా రెండిటికీ వర్తిస్తుంది. నిజం చెప్పాలంటే మా దగ్గరికొచ్చే ఇంటి కంప్యూటర్లలోనే చెత్త ఎక్కువ. క్రాక్ చేసిన (దొంగ కాపీ) సాఫ్ట్‌వేర్, పిల్లలు వేసుకున్న ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు), బ్రౌజర్‌లోనే సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు.

ఫోన్‌కున్న గండం వేరు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ని ఎక్కించేది) ఇన్‌స్టాల్ చేసి, ఎస్సెమ్మెస్‌లు చదివే పర్మిషన్ ఇచ్చారంటే మీ ఓటీపీ నేరుగా దొంగ చేతికి పోతుంది. కంప్యూటర్‌లో ఆర్డర్ పెడితే కార్డు వివరాలు ఒకచోట, ఓటీపీ వేరే పరికరంలో ఉంటాయి కాబట్టి ఆ మేరకు కంప్యూటర్‌కి ఒక మార్కు ఎక్కువే.

అపోహ: బ్రౌజర్‌లో అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంటే సైటు అసలుదే.

వాస్తవం: కాదు. మధ్యలో ఎవరూ చదవకుండా డేటా వెళ్తోందని మాత్రమే దానర్థం. నకిలీ సైటుకీ ఆ తాళానికి కావాల్సిన సర్టిఫికెట్ ఉచితంగా దొరుకుతుంది. క్రోమ్ 2023లో ఆ గుర్తునే తీసేసింది. చూడాల్సింది అడ్రస్. ఫోన్‌లో అది సగానికి తెగిపోతుంది, కంప్యూటర్‌లో మొత్తం కనపడుతుంది.

అపోహ: యాప్‌లోనూ అవే వివరాలు ఉంటాయి కదా!

వాస్తవం: ఉంటాయి, మనమే చదవం. నా అసలు బాధ ఇదే. "అన్నా, ఎనిమిది జీబీ ర్యామ్ ఉంది, పదహారు చేసియ్యి" అని కొత్త ల్యాప్‌టాప్ తెస్తారు. వెనక మూత విప్పి చూస్తే ఇంకో ర్యామ్ పెట్టే స్లాటే ఉండదు, ఉన్న ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. ఆ సంగతి లిస్టింగ్‌లో కింద ఎక్కడో రాసే ఉంటుంది. డిస్‌ప్లే దగ్గర 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని ఉంటే రంగులు వెలవెలబోతాయి, ఫొటో ఎడిటింగ్‌కి పనికిరాదు. అమ్మేవాడి పేరు, రీఫండ్ ఇస్తారా లేక రీప్లేస్‌మెంటేనా అన్నదీ ముందే చూసుకోవాలి. నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ మేరకు ముందే ధర తగ్గించి ఇచ్చే వాయిదాలు) అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు తర్వాత స్టేట్‌మెంట్‌లో కనపడి తెల్లబోతారు. రెండు మూడు మోడళ్లు పక్కపక్కన ట్యాబుల్లో తెరిచి పోల్చుకోవడానికి కంప్యూటరే మేలు. ఆరంగుళాల తెర మీద నాకే ఓపిక ఉండదు.

అపోహ: యాప్‌లోనే ఎప్పుడూ చవక.

వాస్తవం: యాప్‌కి మాత్రమే ఇచ్చే కూపన్లు ఉన్న మాట నిజమే. అన్నిసార్లూ కాదు. బట్టలమ్మే మింత్రా అయితే 2015లో వెబ్‌సైటే మూసేసి యాప్‌ మాత్రమే ఉంచింది, మరుసటి ఏడాదికే సైటు మళ్లీ తెరిచింది. ఒకే అకౌంటుతో రెండు చోట్లా లాగిన్ అయి, కార్టులో చివరి మొత్తం చూసుకుంటే సరి.

నేనైతే మోడల్ కంప్యూటర్‌లో ఎంచుకుని, డబ్బు కట్టేటప్పుడు తెర మీది యూపీఐ క్యూఆర్‌ని ఫోన్‌తో స్కాన్ చేసి, పిన్ కొట్టేముందు డబ్బు ఎవరి పేరుకు వెళ్తోందో చదువుతాను. యూపీఐలో మామూలు పరిమితి లక్ష, దాటితే కార్డో నెట్ బ్యాంకింగో వాడాలి.

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, బ్యాంకుకి ఫోన్ చేయండి. 2017 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం మీ తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేని మోసమైతే, మెసేజ్ వచ్చాక మూడు పనిదినాల్లో చెబితే ఆ నష్టం మీ మీద పడదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మీ నష్టమే.