రేల పూసే వేళ తోటకు వెళ్లండి

చిరంజీవులైన పిల్లలకు,

పరీక్షలైపోయి సెలవులొచ్చాయి కదా. ఎండలో తిరగొద్దని ఇంట్లో పెద్దవాళ్లు చెప్తూనే ఉంటారు. పదకొండు నుంచి నాలుగింటి దాకా వాళ్ల మాట వినండి. పొద్దున్నే ఆరింటికి మాత్రం అమ్మనో నాన్ననో బతిమాలి దగ్గర్లో ఉన్న తోటకు బయల్దేరండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు కొత్తగూడ బొటానికల్ గార్డెన్ ఉంది. బెంగళూరులో చుట్టాలుంటే 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన లాల్‌బాగ్ ఉంది. ఊళ్లో ఉన్నవాళ్లకు చెరువు గట్టూ బడి ఆవరణా చాలు.

తోటలు చూడాలంటే చలికాలమే మంచిదని చాలామంది అనుకుంటారు. కుండీల్లో వరసగా పేర్చిన బంతులూ చామంతులూ చూడ్డానికి అది మంచి కాలమే. కానీ మన చెట్లు పండగ చేసుకునేది ఎండాకాలంలోనే. వేప ఉగాదికి పూస్తుంది, ఆ వెనకే రేల, తురాయి. కానుగ అయితే ఆకంతా రాల్చేసి, వాన చుక్క పడకముందే లేత చిగురుతో మెరిసిపోతుంది. నేలంతా బీటలు వారుతుంటే వీటికి ఇంత ధైర్యం ఎక్కడిది?

చెట్టులోని నీళ్లు ఎక్కువగా పోయేది ఆకుల్లోంచే. అందుకే ఎండలు ముదిరేసరికి కొన్ని చెట్లు ఆకు రాల్చి నీళ్లు దాచుకుంటాయి. లోతుకు దిగిన వేళ్లు పైనేల ఎండిపోయినా తడిని అందుకుంటూనే ఉంటాయి. ఆకులు లేని కొమ్మ మీద పూలుంటే తేనెటీగలకూ తుమ్మెదలకూ దూరం నుంచే కనబడతాయి. వేప లెక్క ఇంకోటి. ఉగాదికి పూస్తేనే దాని పళ్లు తొలకరి నాటికి పండి రాలతాయి. వేపగింజ ఎక్కువ రోజులు నిలవ ఉంటే మొలవదు కాబట్టి తడినేల మీద పడటం దానికి చాలా అవసరం.

తోటలో అన్నీ చూసెయ్యాలని పరుగెత్తకండి. ఒక రేల చెట్టు వెతుక్కోండి. కష్టమేమీ కాదు, పసుపుపచ్చని పూలగుత్తులు మూరెడేసి పొడవున కిందికి వేలాడుతుంటాయి. కేరళలో విషు పండగ రోజు తెల్లవారుజామున దేవుడి ముందు పెట్టేవి ఈ పూలే. అది ఆ రాష్ట్ర పుష్పం కూడా. బతుకమ్మలో పేర్చే మన తంగేడు దీనికి దగ్గరి చుట్టం. రెండింటినీ చూసినవాళ్లు ఆ పోలిక ఇట్టే పట్టేస్తారు.

చెట్టు కింద రాలిన పువ్వొకటి తీసి అరచేతిలో పెట్టుకోండి. అయిదు రేకులు, మధ్యలో పది కేసరాలు. ఆ పదీ ఒక్కలా ఉండవు. మూడు పొడుగ్గా, కొక్కెంలా పైకి వంపు తిరిగి ఉంటాయి. నాలుగు పొట్టివి. మిగిలిన మూడూ మరీ చిన్నవి, ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. ఈ తేడా ఊరికే రాలేదు. ఈ పువ్వులో తేనె ఉండదు, వచ్చినవాళ్లకు పుప్పొడే తిండి. ఇప్పుడు తలెత్తి చెట్టు మీదికి చూడండి. బొటనవేలి గోరంత నల్లటి తుమ్మెద ఒకటి పువ్వును పట్టుకుని వేలాడుతూ ఝుమ్మని గట్టిగా మోగుతుంది. అది ఎగురుతున్న చప్పుడు కాదు. పొట్టి కేసరాలను పట్టుకుని ఒళ్లంతా అదిరిస్తోంది. ఆ అదురుకు పుప్పొడి రాలుతుంది. తుమ్మెద దాన్ని పోగుచేసుకునే లోపల, వంపు తిరిగిన ఆ మూడు పొడుగు కేసరాలూ దాని ఒంటికి తగిలి తమ పుప్పొడిని అద్దేస్తాయి. తర్వాతి పువ్వుకు చేరేది ఆ పుప్పొడే. పొట్టివి తిండి పెడతాయి, పొడుగువి వంశం నిలుపుతాయి. ఎన్నేళ్లుగా చూస్తున్నా ఈ ఏర్పాటు నాకు అబ్బురంగానే ఉంటుంది. ఫోను జేబులో పెట్టేసి కాసేపు ఆ మోత వినండి.

తురాయి దగ్గర ఇంతసేపు పట్టదు. మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టిది, గుల్‌మొహర్ అని కూడా అంటారు. నాలుగు రేకులు ఎర్రగా ఉండి, అయిదోది మాత్రం తెల్లటి, పచ్చటి చారలతో కాస్త పెద్దదిగా ఉంటుంది. రాలిన పూల కేసరాలతో కోడిపందేలు ఆడుకోవచ్చు. తలలు మెలేసి లాగితే ఎవరిది తెగితే వాళ్లు ఓడినట్టు. సాయంత్రం వెళ్తే నిద్రగన్నేరు కింద నిలబడండి. పొద్దువాలుతుంటే దాని ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుంటాయి.

మహబూబ్‌నగర్ వైపు వెళ్లేవాళ్లు పిల్లలమర్రి చూడకుండా రాకండి. దాదాపు మూడెకరాల్లో పరుచుకున్న మర్రి, వయసు ఏడువందల ఏళ్లని చెప్తారు. 2017 చివర్లో దాని పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. చూస్తే మానును చెదలు తినేస్తున్నాయి. అప్పట్లో సందర్శకులను ఆపేశారు. 2018లో మనుషులకు సెలైన్ ఎక్కించినట్టే ఆ కొమ్మలకు సీసాలు వేలాడదీసి, మానులో చిన్న రంధ్రాలు చేసి, చెదమందు చుక్కచుక్కగా ఎక్కించారు. ఒరిగిపోతున్న కొమ్మలకు కింద ఆసరాలు కట్టారు. అంత శ్రద్ధ తీసుకున్నారు కాబట్టే ఈ రోజు ఆ చెట్టు ఇంకా చిగురు వేస్తోంది.

మర్రి ఊడలు పట్టుకుని ఊగొద్దని అందుకే చెప్తున్నాను. మర్రికొమ్మ అడ్డంగా సాగుతూ పోతుంది. ఆ బరువు మోయాలంటే దాని నుంచి దిగిన ఊడ నేలకు చేరి, వేరూని, స్తంభంలా లావెక్కాలి. ఊడ చివర లేతగా ఉంటుంది. ఊగి దాన్ని తెంపేస్తే అది నేలను అందుకోలేదు, కొమ్మకు ఆసరా ఉండదు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దాదాపు అయిదెకరాలకు పాకి 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిందంటే, అన్ని ఊడలు క్షేమంగా నేలకు దిగాయి కాబట్టే. మానుల మీద పేర్లు చెక్కడం ఇంకా పెద్ద తప్పు. బెరడు కిందే చెట్టుకు తిండి నడిచే దారి ఉంటుంది. ఆ గాటులోంచి పురుగూ బూజూ లోపలికి పోతాయి.

వెళ్లేటప్పుడు నీళ్ల సీసా, టోపీ మర్చిపోకండి. చెట్టు నీడకూ ఇంటి గోడ నీడకూ తేడా ఒంటితో తెలుసుకోండి. ఆకుల్లోంచి నీరు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది కాబట్టి చెట్టు కింద హాయిగా ఉంటుంది.

ఇంకో పని చెప్తాను. రేల పూస్తున్నప్పుడే నిరుటి కాయలు కూడా కొమ్మలకు నల్లగా, కర్రల్లా వేలాడుతుంటాయి. రాలిన కాయ ఒకటి ఇంటికి తెచ్చి పగలగొట్టండి. లోపల చిన్న చిన్న గదులు, గదికో గింజ, నల్లటి గుజ్జు. గుజ్జు నోట్లో పెట్టుకోకండి, అది విరేచనాల మందు. గింజ పైపొర చాలా గట్టిది, అలాగే పాతిపెడితే ఎన్నాళ్లకో గానీ మొలవదు. గరుకు రాయి మీద ఒక పక్క కాస్త రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. తెల్లారాక ఉబ్బిన గింజల్నే ఏరి పాలసంచుల్లో మట్టి నింపి విత్తండి, అడుగున రెండు చిల్లులు పెట్టడం మరవకండి. తొలకరి పడే నాటికి మొలకలు సిద్ధంగా ఉంటే, ఎక్కడ నాటాలో మీ బడిలో టీచర్లను అడగండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య