నోటుబుక్కు నిండింది, మరి చదువు వచ్చిందా? ఒకటి నుంచి మూడో తరగతి దాకా అపోహలు, వాస్తవాలు

నేను నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఒక సర్కారు ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని, అంటే చిన్న తరగతులకు చెప్పే టీచర్ని. జూన్‌లో బడి తెరిచిన వారంలోనే ఏటా ఒకే మాట వింటాను. ఈసారి గేటు దగ్గర ఆపిన తల్లి ఇట్లా అంది: "సారూ, మా ఎదురింటి పిలగాడు వ్యాన్ల పోయే బడికి పోతుండు. యూకేజీలనే రెండు నోటుబుక్కులు నింపిండు. మా పిల్ల ఒకటో తరగతి అయిపోయినా మీ కాడ ఇంకా పుల్లలే లెక్కవెడ్తుంది."

అందులో కోపం లేదు, భయం ఉంది. తనకు చదువు రాదు. బిడ్డకు వస్తుందో లేదో చూసుకోవడానికి ఆమెకు కనబడేది నిండిన నోటుబుక్కు ఒక్కటే. అందుకే ఆమె మీద నాకు చిరాకు లేదు. నోటుబుక్కు నిండితేనే చదువు అన్న పుకారును తెలిసి తెలిసి ఊరూరా మోసేవాళ్ల మీదే చిరాకు.

అపోహ: నోటుబుక్కు నిండి, పాఠం గడగడా అప్పజెప్తే చదువు వచ్చినట్టే.

వాస్తవం: కానే కాదు. నాలుగేళ్ల కింద ఒక పాప ప్రైవేటు బడి మానేసి మూడో తరగతిలో మా దగ్గర చేరింది. రాత ముత్యాలే. పేజీ పేజీకి ఎర్ర పెన్నుతో 'గుడ్'. తెలుగు పుస్తకం ఇస్తే మొదటి పాఠం ఎక్కడా ఆగకుండా చదివేసింది. నాకెందుకో అనుమానం వచ్చి, మధ్యలో 'చెరువు' అన్న మాట మీద వేలు పెట్టి "ఇదేందమ్మా?" అన్నాను. పాప ఆ మాట వంకే చూడలేదు. మొదటి వరుసకు పోయి, పెదాలు కదుపుతూ, వేలు జరుపుకుంటూ వచ్చి అక్కడ ఆగి "చెరువు" అంది. అదే మాట బోర్డు మీద విడిగా రాస్తే తల దించుకుంది. రెండేళ్లుగా ఆ పిల్ల అక్షరాలను బొమ్మల్లా గీసింది, పాఠాన్ని పాటలా నేర్చుకుంది. చదవడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

ఆ రోజే పుస్తకం పక్కన పెట్టాం. పాత పెళ్లి పత్రికలు కత్తిరించి అట్టముక్కల మీద క, త, ల, వ, ప, గ, డ రాశాను. 'కల'లో క తీసి త పెడితే 'తల'. త తీసి వ పెడితే 'వల'. మూడో రోజు తనంతట తాను 'పలక' పేర్చి నా వైపు చూసింది. తర్వాత దీర్ఘం, గుడి, కొమ్ము. ఒక్క క గుణింతం పట్టుబడితే కొద్దిపాటి తేడాలతో మిగతా హల్లులన్నీ అదే దారిన వస్తాయి. ఒత్తులకు వచ్చేసరికి సంక్రాంతి అయింది.

ఒకటో తరగతిలో అఆలు వరుసగా చెప్పకుండా ఈ అక్షరాలతో ఎందుకు మొదలుపెడతామని అడుగుతారు. వీటితో రెండో వారానికే పిల్లలు మాటలు చదవగలరు. వరుస పట్టుకుని పోతే ఋ, ఙ, ఞ దగ్గర రోజులు పోతాయి, వాటితో ఆ వయసులో చదివే మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మీ పిల్లకు చదువు వచ్చిందో లేదో చూడాలంటే పాఠ్యపుస్తకం ముట్టుకోకండి. బస్టాండులో బోర్డు చూపించి చదవమనండి. 'కొండమల్లేపల్లి' కూడబలుక్కుని చదివినా చాలు, సున్నా, ఒత్తు, గుణింతం అన్నీ వచ్చినట్టే. మీకు చదవడం రాకపోతే పెద్ద క్లాసు పిల్లతో మీ ఊరి పేరు, చుట్టాల పేర్లు కాగితం మీద రాయించి చూపించండి.

మూడో తరగతి అయ్యేలోపు పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలని దేశమంతటికీ 2021లో నిపుణ్ భారత్ అనే కార్యక్రమం వచ్చింది, అందుకోసమే మన తెలంగాణలో 2022లో తొలిమెట్టు మొదలైంది. నిపుణ్ లక్ష్యం ప్రకారం మూడో తరగతి అయ్యేసరికి కొత్త పాఠాన్ని నిమిషానికి కనీసం 60 పదాల చొప్పున, అర్థం చేసుకుంటూ చదవాలి. అంకెలైతే ఒకటిలో 99 దాకా, రెండులో 999, మూడులో 9999. యూకేజీలో నోటుబుక్కులు నింపాలని అందులో ఎక్కడా లేదు.

అపోహ: వంద దాకా చెప్తే లెక్కలు వచ్చినట్టే.

వాస్తవం: వంద దాకా చెప్పే పిల్లవాణ్ణి 13 చింతగింజలు తెమ్మనండి. ఒక్కో గింజకు ఒక్కో అంకె ఆనించడం వేరే విద్య. 'నూట అయిదు' రాయమంటే 1005 రాసే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. అది పరాకు కాదు, వాడు విన్నది విన్నట్టే రాశాడు: నూరు, పక్కన అయిదు. స్థానవిలువ ఇంకా ఎక్కలేదంతే. పుల్లలు పదేసి కట్టలు కట్టి, పది కట్టలు కలిపి మోపు చేసి, 'పదుల కట్ట ఒక్కటీ లేదు గదా, అక్కడేం పెడతావ్?' అంటే సున్నా ఎందుకో వాడే చెప్తాడు. ఆ తల్లి చూసిన పుల్లల లెక్క ఇదే.

అపోహ: తెలుగులో చదివితే ఇంగ్లీషు రాదు.

వాస్తవం: 2022-23 నుంచి సర్కారు బడిలోనూ ఇంగ్లీషు మీడియమే. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. అక్షరానికి ఒక చప్పుడుంటుందని తెలుగులో అర్థమైన పిల్ల ఆ తెలివితోనే ఇంగ్లీషుకు పోతుంది. తండాల నుంచి వచ్చే పిల్లలకైతే తెలుగు కూడా కొత్త భాషే. రొట్టె బొమ్మ చూపిస్తే 'బాటి' అన్న పిల్లవాడు తప్పు చెప్పలేదు, లంబాడీలో సరిగ్గా చెప్పాడు. మొదటి ఏడాది ఆ మాట తెలియక నేనే వాణ్ణి కూర్చోబెట్టాను. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

మిగతావి గబగబా. ఒకటో తరగతిలో 3, 6 తిప్పి రాయడం మామూలే, టెన్షన్ పడకండి. రెండో తరగతి దాటినా అట్లాగే ఉంటే డాక్టరుకు చూపించండి. ఎడమచేత్తో రాస్తే రాయనివ్వండి, ఆ చేతి మీద కొట్టకండి.

ఇక అపోహ కాకున్నా చెప్పాల్సింది ఒకటుంది. దసరా దాటగానే పత్తి ఏరడానికి పెద్దవాళ్లతో పాటు చిన్నపిల్లలూ చేనుకు పోతారు. కూలీలు దొరకరని, ఇంటి దగ్గర పిల్లల్ని చూసేవాళ్లు లేరని నాకు తెలుసు. కానీ రెండో తరగతిలో మాకు సరిగ్గా ఆ వారాల్లోనే ఒత్తులు మొదలవుతాయి. తోలుకపోయే ముందు ఒక్కసారి బడికొచ్చి ఏం నడుస్తుందో అడగండి. పొద్దున రెండు గంటలు పంపించి తర్వాత తీసుకపోతానన్నా నేను కాదనను.