కొట్టు చిన్నదైతే హ్యాకర్ రాడా?

విజయవాడ వన్‌టౌన్ కొట్లలో బిల్లింగ్ కంప్యూటర్లు, నెట్ కనెక్షన్లు చూసుకోవడం నా పని. ఇవి రోజూ వినే మాటలే.

అపోహ: "మాదేమన్నా బ్యాంకా? మా కంప్యూటర్లో ఏముందని వస్తారు?"

వాస్తవం: మీ కొట్టు పేరు చూసి ఎవరూ రారు. నెట్‌లో తలుపు తీసి ఉన్న కంప్యూటర్ల కోసం ప్రోగ్రాములు రాత్రీ పగలూ వెతుకుతూనే ఉంటాయి. ఇంటి నుంచి టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) చూసుకోవాలని షావుకారు అడుగుతారు. ఎవరో కుర్రాడు వచ్చి రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటర్ నడిపే దారి) తెరిచి, కొట్టు పేరే పాస్‌వర్డ్‌గా పెట్టి పోతాడు. అంతే.

ఒక పప్పుల కొట్లో సోమవారం పొద్దున సిస్టమ్ ఆన్ చేస్తే టాలీ డేటా మొత్తం లాక్. డబ్బు కడితే తెరుస్తామని ఒక నోటు. ఎవరి బాకీ ఎంతో అంతా ఆ డబ్బాలోనే ఉంది, జీఎస్టీ రిటర్న్ గడువు నెత్తి మీదుంది. చివరికి ఆడిటర్ దగ్గరున్న మూడు నెలల కిందటి కాపీ తెచ్చి, మిగతాది బిల్లు పుస్తకాలు ముందేసుకుని గుమస్తాలిద్దరు పదిహేను రోజులు ఎక్కించారు. తప్పులో నా వంతూ ఉంది. ఆ కొట్లో రిమోట్ డెస్క్‌టాప్ దారి తెరిచి ఉందని ముందే చూశాను. "తర్వాత చూద్దాంలే" అన్నారు, నేనూ ఊరుకున్నాను.

అపోహ: "బ్యాకప్ ఉందండీ, డి డ్రైవ్‌లో."

వాస్తవం: డి డ్రైవ్ మామూలుగా అదే డిస్కులో ఒక భాగం. డిస్కు పోతే అసలూ కాపీ రెండూ పోతాయి. ఫైళ్లకు తాళం వేసే వైరస్ డి డ్రైవ్‌నే కాదు, గుచ్చి వదిలేసిన పెన్‌డ్రైవ్‌ను కూడా వదలదు. గూగుల్ డ్రైవ్‌కు సింక్ పెట్టినా, ఇక్కడ పాడైన ఫైలు అక్కడికీ పాడయ్యే చేరుతుంది. పాత వెర్షన్లు మామూలుగా 30 రోజులే ఉంటాయి. రెండు పెన్‌డ్రైవ్‌లు పెట్టుకోండి, రోజు మార్చి రోజు ఒకటి. కాపీ అయ్యాక తీసి ఇంటికి పట్టుకెళ్లండి. నెలకోసారి వేరే కంప్యూటర్లో రీస్టోర్ చేసి చూడండి. ఈ చివరిది ఎవరూ చేయరు.

అపోహ: "వాట్సాప్‌లో ఎన్‌క్రిప్షన్ ఉంది, మన మాట బయటికి పోదు."

వాస్తవం: దారిలో ఎవరూ చదవలేరు, నిజమే. మరి జిరాక్స్ షాపులో వాట్సాప్ వెబ్ తెరిచి, ప్రింట్ తీసుకుని, లాగౌట్ చేయకుండా వచ్చేస్తే? మీ వాట్సాప్ ఇంకా ఎక్కడెక్కడ తెరిచి ఉందో, దాని సెట్టింగ్స్‌లో లింక్డ్ డివైసెస్ ఒకసారి తెరిచి చూడండి. ఇంతకంటే పెద్ద తలనొప్పి, కొట్టు నంబరు గుమస్తా పేరు మీది సిమ్ కావడం. అతను మానేసిన రోజు ఆర్డర్లన్నీ అతని ఫోన్‌కే వెళ్తాయి. సిమ్ ఓనర్ పేరున ఉండాలి, టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ ఓనర్‌కు తెలిసుండాలి. శుభలేఖ అంటూ ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే ముట్టుకోకండి.

అపోహ: "డబ్బు రావాలన్నా యూపీఐ పిన్ కొట్టాలి."

వాస్తవం: అక్కర్లేదు. బ్యాలెన్స్ చూసుకోవడం లాంటివి పక్కన పెడితే, పిన్ అడిగారంటే డబ్బు మన ఖాతాలోంచి పోతున్నట్టే. కస్టమర్ చూపించే స్క్రీన్‌షాట్ రసీదు కాదు, సౌండ్‌బాక్స్ మోగాలి. 2025 జనవరిలో ఖజురహోలో రాత్రికి రాత్రే కొన్ని కొట్ల క్యూఆర్ స్టిక్కర్లు మార్చేశారు. షటర్ తీయగానే మీ క్యూఆర్ మీరే స్కాన్ చేసి పేరు చూసుకోండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అపోహ: "డేటా చట్టం పెద్ద కంపెనీలకే."

వాస్తవం: కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్ల లాంటి వివరాలను కాపాడే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, చిన్న కొట్టు అన్నంత మాత్రాన పూర్తి మినహాయింపేమీ లేదు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు 2027లో అమల్లోకి వస్తాయి. 250 కోట్ల జరిమానా అని విని టెన్షన్ పడకండి, అది గరిష్ఠం. తప్పు తీవ్రతను బట్టి వేస్తారు. కాగితం ఖాతా పుస్తకం ఈ చట్టం కిందికి రాదు గానీ, అదే ఫోన్‌లో ఎక్కిస్తే వస్తుంది.

మొన్న ఒక బట్టల కొట్లో ప్రతి బిల్లుకూ ఫోన్ నంబర్ ఎందుకు అడుగుతున్నారన్నాను. "సాఫ్ట్‌వేర్ అడుగుతోందండీ" అన్నారు ఓనర్. ఆ గడి తప్పనిసరి కాకుండా సెట్టింగ్స్‌లో మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది.