తలుపు చాటు అంబలి కుండ

పర్లాకిమిడి

చిరంజీవులైన నా మనవలకు, మనవరాళ్ళకు అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం.

దసరా సెలవులకు వచ్చినప్పుడు మీలో పెద్దది సైన్సు పుస్తకం తెచ్చి, సమతులాహారం పాఠంలోని బొమ్మ నాకు చూపించి, "అమ్మమ్మా, ఇందులో ఆపిల్, ద్రాక్ష, బ్రెడ్డు ఉన్నాయి గానీ మన అంబలి లేదు, మునగాకు లేదు, ఎండు చేపా లేదు. మరి మనం తినేది మంచిది కాదా?" అని అడిగింది. చుట్టాల సందడిలో ఉండి "మంచిదేనమ్మా" అని ఒక్క మాటతో సరిపెట్టాను. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని అయి ఉండీ, అంత మంచి ప్రశ్నకు అంత పొట్టి జవాబు చెప్పినందుకు ఆ తరువాత చాలా రోజులు మనసు పీకుతూనే ఉంది. అందుకే తీరిగ్గా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు నా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పాలి. మా నాయనమ్మ రోజూ రాత్రి చోడిపిండిని, అంటే రాగిపిండిని, నీళ్ళలో కలిపి మట్టికుండలో పులవబెట్టేది. తెల్లవారుజామున నూకలు ఉడుకుతుండగా ఆ పిండిని అందులో పోసి, ఉండ కట్టకుండా తెడ్డుతో కలుపుతూ, బుడగలు చిక్కబడి బొబ్బుడు బొబ్బుడుమని పైకి లేచేదాకా పొయ్యి దగ్గర నుంచి కదిలేది కాదు. చల్లారాక మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్కతో మాకు ఇచ్చేది. ఒకనాడు బరంపురం నుంచి పెళ్ళివారు వస్తున్నారని కబురు వచ్చింది. నాయనమ్మ గబగబా ఆ అంబలి కుండను వంటింటి తలుపు చాటుకు జరిపి, దాని మీద చేట బోర్లించింది. వచ్చినవాళ్ళకు తెల్లటి వరి అన్నం, కందిపప్పు, నెయ్యి వడ్డించింది. ఆ కుండను ఎందుకు దాచావని అడిగితే, "అంబలి తాగే ఇల్లని తెలిస్తే పిల్లనిస్తారేటమ్మా" అంది. ఆ రోజు ఆ మాట నాకు అర్థం కాలేదు.

ఆ కుండలో ఏముందో ఇప్పుడు మీకు లెక్కతో చెబుతాను. నూరు గ్రాముల చోళ్ళలో దాదాపు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతే బరువున్న పాలిష్ బియ్యంలో అది పది మిల్లీగ్రాములు కూడా ఉండదు, ఆవుపాలలోనైతే నూట ఇరవై వరకు ఉంటుంది. ఎముకలు ఎదిగే మీ వయసులో ఇది చిన్న తేడా కాదు. చోళ్ళలోని ఖనిజాలను ఒంటికి పట్టనివ్వకుండా కొంత అడ్డుపడే ఫైటేటు అనే పదార్థం కూడా ఆ గింజలోనే ఉంది. రాత్రంతా పులిస్తే, లేదా గింజను మొలకెత్తించి పిండి చేస్తే, ఆ అడ్డు తగ్గుతుంది. నాయనమ్మకు ఫైటేటు పేరు తెలియదు గానీ పులవని పిండితో ఆమె ఎన్నడూ అంబలి కాయలేదు.

అంత మంచి తిండి తలుపు చాటుకు ఎందుకు పోయింది? మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది. మనం ఏం తింటామో నిర్ణయించేది నాలుక ఒక్కటే అని మనం అనుకుంటాం. పరువు, ధర, చాకిరీ, పక్కింటివాళ్ళ కళ్ళు, చిన్నప్పుడు ఎవరి చేతి ముద్ద తిన్నామన్నది, ఇవన్నీ నాలుకకు ముందే మాట్లాడేసి ఉంటాయి.

పరువు సంగతి కుండ చెప్పింది. చాకిరీ సంగతి నేను చెబుతాను, ఎందుకంటే దాని గురించి పుస్తకాలు తక్కువగా మాట్లాడతాయి. చోళ్ళు చెరిగి, తిరగలిలో విసరాలి. సామలకు, కొర్రలకు పొట్టు పోవాలంటే రోట్లో పోసి రోకలితో దంచాలి, చెరగాలి, మళ్ళీ దంచాలి. ఆ పని అంతా ఇంటి ఆడవాళ్ళది. మా అమ్మ అరచేతుల్లో బొబ్బలు కాయలు కట్టి గట్టిగా ఉండేవి. నేను నిద్రపోయేటప్పుడు ఆ చెయ్యి తల నిమిరితే గరుకుగా తగిలేది. మరబియ్యం వచ్చి, తరువాత రేషను దుకాణంలో చవకగా దొరికి, కడిగి పొయ్యి మీద పెడితే అరగంటలో అన్నం అవుతుందంటే, ఏ తల్లి సంతోషించదు? పూర్వీకుల తిండిని మన ఆడవాళ్ళు నిర్లక్ష్యం చేశారని ఎవరైనా ఉపన్యాసాలు చెబితే నాకు కోపం వస్తుంది. వాళ్ళు వదిలించుకున్నది తిరగలి బరువును. ఆ బరువుతో పాటు గింజ కూడా పోయింది. ఇప్పుడు పిండిమర వీధి చివరే ఉంది కనుక గింజను వెనక్కి తెచ్చుకోవచ్చు, అమ్మ చేతులు నొప్పెట్టకుండానే.

తెల్ల బియ్యం వెంట మన ప్రాంతానికి ఒక రోగం కూడా వచ్చిన చరిత్ర ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడి మన పర్లాకిమిడి అందులో కలవక ముందు, ఇది మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. గంజాం నుంచి గోదావరి దాకా ఉన్న ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి అనే జబ్బు బాగా కనిపించేది. కాళ్ళు తిమ్మిరెక్కడం, నీరు పట్టడం, చివరికి గుండె బలహీనపడడం దాని లక్షణాలు. బియ్యం తవుడులో ఉండే బి-1 విటమిన్, అంటే థయమిన్, పాలిష్ పట్టినప్పుడు తవుడుతో పాటు పోవడమే దానికి కారణం. జావా దీవిలో ఐక్‌మన్ అనే వైద్యుడు పాలిష్ బియ్యం తిన్న కోళ్ళ కాళ్ళు పడిపోవడం గమనించి ఈ దారి చూపాడు, అందుకు 1929లో ఆయనకు నోబెల్ బహుమతి కూడా వచ్చింది. మన దేశంలో ఈ జబ్బును పరిశోధించడానికి 1918లో మెక్‌కారిసన్ అనే దొర, ఆయనా వైద్యుడే, నీలగిరి కొండల్లోని కూనూరులో ఒక చిన్న ప్రయోగశాల మొదలుపెట్టాడు. అదే 1958లో హైదరాబాదుకు మారి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఇందులో మనవాళ్ళు గమనించవలసిన ముచ్చట ఒకటుంది. మన వీధిలో ఒడియావారి ఇళ్ళలో వండేది ఎక్కువగా ఉసునా బియ్యం, అంటే వడ్లను నానబెట్టి, ఉడకబెట్టి, ఆరబెట్టి ఆడించిన ఉప్పుడు బియ్యం. అలా ఉడికేటప్పుడు పైపొరలోని విటమిన్లు కొంత గింజ లోపలికి ఇంకుతాయి. అందువల్ల మర పట్టినా అవి పూర్తిగా పోవు. ఉప్పుడు బియ్యం తినే చోట బెరిబెరి అరుదుగా కనిపించడానికి కారణం ఇదే. మన తెలుగు ఇళ్ళలో మాత్రం ఆ బియ్యం వాసన పడదని, అన్నం ముతకగా ఉంటుందని మూతి ముడుస్తాం. నేనూ ముడిచేదాన్ని. బడిలో నాతో పనిచేసిన ఒడియా టీచరమ్మ ఎండాకాలంలో తన పఖాళ, అంటే నీళ్ళలో నానబెట్టిన అన్నం, గిన్నె నా వైపు జరిపి, అందులో పెరుగు, కరివేపాకు కలిపి పెట్టింది. మూడు, నాలుగు సార్లు తిన్నాక ఆ వాసనే నాకు ఆకలి పుట్టించడం మొదలైంది. పఖాళ మన చద్దన్నానికి అక్కచెల్లెలే కదా.

నాలుకకు అలవాటు నేర్పవచ్చునని నాకు అప్పుడే నమ్మకం కలిగింది. పిల్లలు కొత్త కూరను మొదటిసారి ఉమ్మేస్తే అది వాళ్ళకు ఎప్పటికీ ఇష్టం లేదని అర్థం కాదు. బలవంతం చేయకుండా ఎనిమిది, పది, ఒక్కొక్కసారి పదిహేను సార్లు కొద్దికొద్దిగా రుచి చూపిస్తే చాలామంది పిల్లలు దాన్ని ఒప్పుకుంటారని పరిశోధకులు చూశారు. "కాకరకాయ తింటే చాక్లెట్ ఇస్తా" అనడం మాత్రం పని చేయదు. కాకరకాయ ఒక శిక్ష, చాక్లెట్ ఒక బహుమానం అని పిల్లవాడికి మనమే నేర్పినట్టవుతుంది. మీ అమ్మ నీకు అలా లంచం పెట్టిందంటే, చిన్నోడా, ఈ వాక్యం ఆమెకు చదివి వినిపించు.

బడిలో నేను చేసిన పొరపాటు కూడా ఇక్కడే చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ గోడకు ఆపిల్, ద్రాక్ష బొమ్మల చార్టు తగిలించి, విటమిన్ల పేర్లు కంఠస్థం చేయించాను. కొండ మీది నుంచి వచ్చే ఒక సవర గిరిజన అమ్మాయి అన్నీ తప్పు లేకుండా అప్పజెప్పి, మధ్యాహ్నం తన డబ్బా మూత సగం మూసి పెట్టుకుని, ఎవరూ చూడకుండా తల వంచుకుని తినేది. అందులో ఉన్నది సామల అన్నం, ఏదో అడవి ఆకుకూర. నా చార్టే ఆ మూతను మూయించిందని నాకు తెలియడానికి ఏడాది పట్టింది. ఇదే ఊళ్ళో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లల కోసం తాను సవర భాష నేర్చుకుని, వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశారు. పిల్లల నోట ఉన్న మాటతో చదువు మొదలుపెట్టాలని ఆయన చూపిన చోట, నేను పిల్లల డబ్బాలో ఉన్న తిండిని వదిలేసి పోషకాహారం పాఠం చెప్పాను. ఆ చార్టు తీసేసి, మరుసటి సంవత్సరం నుంచి సంతకు తీసుకెళ్ళి పాఠం చెప్పాను.

ఇప్పుడు కాలం కొంత మారింది. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల పథకం మొదలుపెట్టినప్పుడు మన గజపతి జిల్లా, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి మొదటి జిల్లాల్లోనే ఉన్నాయి. ఇక్కడ మాండియా అని పిలిచే చోళ్ళను రైతుల దగ్గర మద్దతు ధరకు కొని, రేషనులో కూడా ఇచ్చారు. ధర పలికితే పరువు దానంతట అదే వస్తుంది. తలుపు చాటు కుండ ఇప్పుడు ప్రదర్శనల్లో బల్ల ఎక్కింది.

ధర గురించి మరొక మాట. మీ బడి ఎదుటి కొట్లో అయిదు రూపాయల చిప్స్ పొట్లాలు సరిగ్గా మీ కళ్ళ ఎత్తులో వేలాడుతుంటాయి. అవి అక్కడ ఊరికే వేలాడవు. పొట్లం తిప్పి వెనక చదవండి. అందులో కలిపినవాటి పేర్లు బరువును బట్టి, ఎక్కువ ఉన్నది ముందు వచ్చేలా రాయాలని మన దేశంలో నియమం. రెండో, మూడో పేరు నూనెగానో పంచదారగానో కనిపిస్తే పొట్లంలో ఏం కొంటున్నారో మీకే తెలుస్తుంది. సోడియం అంకె కూడా చూడండి. పెద్దవాళ్ళకు రోజుకు అయిదు గ్రాముల ఉప్పు మించకూడదంటారు, దానిలో సోడియం సుమారు రెండు గ్రాములు.

చివరగా, ఇంట్లో ఎవరు ఆఖరున తింటారో చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన పులుసుతో అన్నం కలుపుకుని, వెంటనే ఒక గ్లాసు టీ తాగే మీ అమ్మ ఆ కారణాల మధ్యనే కూర్చుని ఉంటుంది. తిండితో పాటు టీ తాగితే ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు, నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. కనుక మునగాకు పప్పు ఆమెకు ముందే ఒక గిన్నెలో తీసి పెట్టండి, నిమ్మబద్ద పక్కన పెట్టండి, టీ గంట తరువాత ఇవ్వండి.

పెద్ద తల్లీ, నీ సైన్సు పుస్తకంలోని ఆ బొమ్మకు జతగా మన ఇంటి తిండి పట్టిక ఒకటి నువ్వే తయారు చెయ్యి. ఒక వారం మీ ఇంట్లో వండినవన్నీ రాసి, ఒక్కొక్క దాని ఎదురుగా అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంతకు కొన్నారో, ఎవరు వండారో, ఎవరు ఆఖరున తిన్నారో రాయి. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురా. చోళ్ళు నానబోసి, గుడ్డలో మూటగట్టి, మొలకెత్తగానే ఎండబెట్టి పిండి ఆడించి ఉంచుతాను.

మీ అమ్మమ్మ