నీడకు అంచు ఎక్కడ?

పోయిన వారం ఒక పాఠకురాలు రెండు ఫొటోలు పంపారు. రెండింట్లోనూ ఉన్నది వాళ్లమ్మగారే. ఒకే రోజు, ఒకే ఫోను, గంట తేడా. మొదటిది మిట్టమధ్యాహ్నం డాబా మీద తీసింది, రెండోది ఇంట్లో కిటికీ పక్కన. "డాబా మీద అమ్మ ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టుంది. కిటికీ దగ్గర ఏదో పాత సంగతి గుర్తొచ్చి తనలో తను నవ్వుకుంటున్నట్టుంది. నిజానికి రెండుసార్లూ అమ్మకి ఉన్నది ఒకటే, సీరియల్ టైమైపోతోందన్న తొందర. మరి ఈ మాయ ఎక్కడిది?" అని ఆవిడ ప్రశ్న.

దీనికి జవాబు చెప్పేవాళ్లు మామూలుగా రంగులతో మొదలుపెడతారు. పొద్దువాలే వేళ పసుపు ఎరుపులు, మబ్బు పట్టినప్పుడు నీలి ఛాయలు, వాటి వెనకాల వెలుగు రంగును కొలిచే కెల్విన్ అంకెలు. అందులో తప్పేం లేదు గానీ, అది చాలామంది నమిలేసిన సంగతి. నా పిచ్చి వేరు. నేను నీడల అంచులు చూస్తాను. ఆవిడ పంపిన ఫొటోల్లో కూడా నా కళ్లు ముందు వెళ్లింది ముక్కు కింద నీడ దగ్గరికే.

ఎండ బాగా కాస్తున్నప్పుడు ఒక పెన్సిలూ తెల్ల కాగితమూ పట్టుకుని బయటికి రండి. కాగితాన్ని సూర్యుడికి ఎదురుగా వంచి, పెన్సిల్‌ని దానికి ఆనించండి. నీడ గీత గీసినట్టు పడుతుంది. ఇప్పుడు మెల్లగా పైకెత్తండి. జానెడు దూరం వచ్చేసరికే అంచులు చెదురుతాయి. నడుమ నల్ల గీత సన్నబడుతూ పోతుంది, దానికి రెండు పక్కలా బూడిదరంగు వెడల్పవుతూ పోతుంది. మామూలు పెన్సిల్ మందం 7 మిల్లీమీటర్లు. ముప్పావు మీటరు దూరానికి నడిమి నలుపు పూర్తిగా మాయమై, పొగచూరిన చార లాంటిది మిగులుతుంది.

సూర్యుడు చుక్క కాదు, బిళ్ల. వ్యాసం దాదాపు 13.9 లక్షల కిలోమీటర్లు, మనకూ దానికీ దూరం 15 కోట్ల కిలోమీటర్లు. భాగిస్తే సుమారు 108. అంటే ఆకాశంలో ఆ బిళ్ల వెడల్పు అర డిగ్రీ. చెయ్యి చాచి చిటికెనవేలు అడ్డం పెడితే అందులో సగం మందం చాలు, దాన్ని కప్పేయడానికి. చిన్నదే, కానీ చుక్క కాదు కదా. బిళ్ల మీది ప్రతి చోటూ తన నీడ తను వేస్తుంది, ఒక్కోటి వెంట్రుకవాసి జరిగి పడుతుంది. మనం నీడ అనుకునేది ఈ నీడలన్నీ ఒకదాని మీద ఒకటి పడిన కుప్ప. అన్నీ కలిసిన చోట నలుపు, కొన్నే పడిన చోట బూడిద. ఆ బూడిద పట్టీ వెడల్పు ఎంతంటే, వస్తువు నుంచి నేలకున్న దూరాన్ని 108తో భాగిస్తే వచ్చేంత.

బళ్లో ఇది చెప్పారు. నల్లటి భాగం ప్రచ్ఛాయ, చుట్టూ ఉన్నది ఉపచ్ఛాయ అని గ్రహణాల పాఠంలో బొమ్మ గీయించారు. గీశాం, మార్కులు తెచ్చుకున్నాం. ఆ ఉపచ్ఛాయ రోజూ మన కాళ్ల దగ్గరే తిరుగుతుంటుందని మాత్రం ఎవరూ అనలేదు. ఎండలో నిలబడి మీ నీడ చూసుకోండి. పాదాల దగ్గర కత్తిరించినట్టుంటుంది, తల దగ్గరికి వచ్చేసరికి అలుక్కుపోతుంది. సూర్యుడు సగం ఎత్తులో ఉంటే మీ తల నుంచి నేలకు కిరణం నడిచే దారి సుమారు రెండున్నర మీటర్లు, కాబట్టి అంచు మసక రెండు సెంటీమీటర్లకు పైనే. రేగిన జుట్టు పోగులు నీడలో కనిపించవు. 0.07 మిల్లీమీటర్ల వెంట్రుకకు నల్లటి నీడ ఉండేది ముప్పావు సెంటీమీటరు దూరం లోపలే. ఈ వెంట్రుకను గుర్తు పెట్టుకోండి, చివర్లో పని ఉంది.

ఈ ఒక్క భాగహారంతో రోజంతా కాలక్షేపం చేయొచ్చు. కరెంటు స్తంభం నీడ పడుతుంది, ఎనిమిది మీటర్ల ఎత్తున ఉన్న సన్నటి తీగ నీడ కావాలని వెతికితే తప్ప కనిపించదు. 200 మీటర్ల ఎత్తున తిరిగే గద్ద నీడకు అంచు మసకే దాదాపు రెండు మీటర్లు. దాని రెక్కల చాపు అంతకన్నా తక్కువ, కాబట్టి నేల మీద దానికి నల్లటి నీడే లేదు. పది కిలోమీటర్ల ఎత్తున పోయే విమానానికి ఆ మసక తొంభై మీటర్ల పైమాటే. విమానం ఎంత పెద్దదైనా మనకు నీడ తగలదు.

చెట్టు కింద గుండ్రటి వెలుగు బిళ్లలు ఇంకా తమాషా. ఆకుల సందులు ఏ వంకరలో ఉన్నా నేల మీద పడే వెలుగు మాత్రం గుండ్రం. అవి సందుల ఆకారాలు కావు, సూర్యుడి బొమ్మలు. ప్రతి సందూ ఒక సూదిబెజ్జం కెమెరా. బిళ్ల వ్యాసం కొలిచి 108తో గుణిస్తే ఆ సందు ఎంత దూరాన ఉందో తెలుస్తుంది. ఏడు సెంటీమీటర్ల బిళ్లయితే ఏడున్నర మీటర్లు. నిచ్చెన అక్కర్లేదు, స్కేలు చాలు. చెట్టు నీడలో కూర్చుంటే మనసు కుదుటపడుతుందని అంటారే, అక్కడ వెలుగుకు ఎక్కడా పదునైన గీత లేకపోవడం కూడా ఒక కారణమని నా అనుమానం.

108 అనగానే కొందరి కళ్లు మెరుస్తాయని తెలుసు. పవిత్ర సంఖ్య, పూర్వులకు ముందే తెలుసు వగైరా. భూమి కక్ష్య కచ్చితమైన వృత్తం కాదు కనుక ఆ అంకె జనవరి మొదట్లో దాదాపు 106, జూలై మొదట్లో 109. పవిత్రత ఏడాది పొడవునా అటూ ఇటూ ఊగుతూ ఉంటుందన్నమాట.

ఇక అమ్మగారి మొహం. డాబా మీద ముక్కు నీడ పై పెదవి మీద పడింది. ముక్కు కొసకూ పెదవికీ దూరం రెండు సెంటీమీటర్లు అనుకుందాం. 108తో భాగిస్తే అంచు మసక 0.2 మిల్లీమీటర్లు. బ్లేడుతో గీసినట్టే. చర్మం మీది ప్రతి ముడతకూ, ప్రతి గుంటకూ అంతే పదునైన నీడ. అదే కిటికీ దగ్గర? కిటికీ వెడల్పు మీటరు, ఆవిడ కూర్చున్నది మీటరు దూరంలో. 108 స్థానంలో ఇప్పుడు 1. రెండు సెంటీమీటర్ల దూరానికి రెండు సెంటీమీటర్ల మసక! నీడ ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో వేలు పెట్టి చూపించలేం. ముక్కు పక్కన వెలుగు చీకటిలోకి జారుతుంది, అంతే.

కుర్చీని కిటికీకి పది మీటర్ల దూరానికి జరిపితే అదే కిటికీ ఆరు డిగ్రీలకు కుంచించుకుపోతుంది, మసక రెండు మిల్లీమీటర్లకు పడిపోతుంది. కిటికీ మారలేదు, అద్దం మారలేదు. ఫొటోగ్రాఫర్లు సాఫ్ట్ లైట్, హార్డ్ లైట్ అంటుంటే అదేదో దీపం గుణం అనుకుంటాం. మొహం దగ్గర నిలబడి చూస్తే దీపం ఎన్ని డిగ్రీల మేర కనిపిస్తుందన్నదే లెక్క. అంత పెద్ద సూర్యుడు అర డిగ్రీ, అరచేతి వెడల్పు కాగితం లాంతరు మొహానికి దగ్గరగా పెడితే ముప్ఫై డిగ్రీలు. ఫోన్ ఫ్లాష్‌లో వెలిగే భాగం మూడు మిల్లీమీటర్లనుకుంటే, మీటరు దూరానికి 0.17 డిగ్రీలు. ఎండ కన్నా మూడు రెట్లు కరుకు! ఫ్లాష్ ఫొటోలో అందరూ దొరికిపోయిన దొంగల్లా ఎందుకుంటారో ఇంక అడగక్కర్లేదు.

మబ్బు పట్టిన రోజున ఆకాశమంతా ఒకటే దీపం, 180 డిగ్రీలు. మెత్తదనానికి అదే పరాకాష్ట కావాలి కదా? నా మట్టుకు అది మొహాలకు మంచి వెలుతురు కాదు. వెలుగు ప్రధానంగా పైనుంచే దిగుతుంది, కనుగుంటలు చీకటిపడతాయి, మిగతా మొహం చదునైపోతుంది. కిటికీలో మెత్తదనమూ ఉంది, ఒక పక్క నుంచి వచ్చే దిశా ఉంది.

ఆకాశాన్ని గదిలోకి తెచ్చిన మనిషి సుబ్రత మిత్ర, సత్యజిత్ రాయ్ సినిమాల ఛాయాగ్రాహకుడు. 1956 నాటి రాయ్ సినిమా 'అపరాజితో' కోసం కాశీ ఇంటి ముంగిలిని స్టూడియోలో సెట్ వేయాల్సి వచ్చింది. అలాంటి ఇళ్ల ముంగిట్లోకి వెలుగు పైన కనిపించే ఆకాశపు ముక్క నుంచే వస్తుంది. స్టూడియో దీపాలను నేరుగా వేస్తే ఒక్కో మనిషికి నాలుగేసి నీడలు. ఆయన సెట్ మీద తెల్లటి గుడ్డ పరిచి, దీపాలను కింది నుంచి దాని మీదికి తిప్పారు. గుడ్డ మీద పడి తిరిగొచ్చిన వెలుగే ఆకాశం. దీపాలు అవే. వాటి కోణం పెరిగింది, నీడల అంచులు కరిగాయి.

సరే, అంచు కరిగితే మనసెందుకు కరగాలి? ఇక్కడ నాకు బాగా ఇష్టమైన ప్రయోగం ఒకటుంది. జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఎవాల్డ్ హెరింగ్ (1834-1918) చేసి చూపించినది, ఇంట్లోనే చేయొచ్చు. కాగితం మీద ఏదైనా వస్తువు నీడ పడనివ్వండి. మసకగా ఉన్న అంచు పొడవునా, ఆ మసక మొత్తం కప్పేలా, లావుపాటి నల్ల గీత గీయండి. గీత పూర్తయిన మరుక్షణం నీడ నీడలా ఉండదు. కాగితానికి అంటిన మరక అయిపోతుంది, గీకితే గోటికి వస్తుందేమో అన్నంతగా. వస్తువును కొంచెం పక్కకు జరపండి, మసక అంచు గీత దాటి బయటపడుతుంది, మరక మళ్లీ నీడైపోతుంది.

అంటే మెదడు అంచును చూసి తీర్పు చెబుతోంది. మెత్తటి అంచుంటే అది వెలుతురు సంగతి, పదునైన అంచుంటే అది వస్తువు సంగతి. నా ఊహ ఇది: డాబా ఫొటోలో ముక్కు కింద, కళ్ల కింద పడిన పదునైన నీడల్ని మెదడు ఎండ ఖాతాలో వెయ్యలేకపోయింది, అమ్మగారి మొహం ఖాతాలో వేసింది. కళ్ల కింద గీతలు, బిగుసుకున్న పెదవులు, ముడిపడిన బొమలు. కిటికీ దగ్గర అదే మెదడు ఆ చీకటిని నిశ్చింతగా కిటికీకి రాసేసి, మొహాన్ని ఖాళీగా వదిలింది. ఖాళీ మొహం మీద మనం ఏ నవ్వైనా రాసుకోవచ్చు.

ఇక్కడ తెలివైన పాఠకులు నన్ను పట్టుకోవాలి. చంద్రుడు కూడా ఆకాశంలో అర డిగ్రీయే కదా, వెన్నెల నీడలు ఎండ నీడలంత కరుకుగా ఉండాలి, మరి వెన్నెలంత మెత్తనిది ఏముంది? నిజమే. నేల మీద ఆ నీడలు కరుకుగానే పడుతున్నాయి. కెమెరాను అడగండి. ఎండలో ఎఫ్/16 (ఎపర్చర్, అంటే లెన్సు రంధ్రం ఎంత తెరిచామన్న కొలత), ఐఎస్ఓ 100 (వెలుగును పట్టే చురుకుదనం) దగ్గర సెకనులో నూరో వంతు చాలు. నిండు వెన్నెల ఎండకన్నా సుమారు 4 లక్షల రెట్లు తక్కువ, కాబట్టి అదే అమరికలో 4000 సెకన్లు కావాలి. ఎపర్చర్‌ని ఎఫ్/2.8కి తెరిస్తే వెలుగు 32 రెట్లు, ఐఎస్ఓ 1600 పెడితే ఇంకో 16 రెట్లు. లెక్క ఎనిమిది సెకన్లకు దిగుతుంది. కెమెరాని స్టాండు మీద పెట్టి అలా తీసిన ఫొటోలో నీలాకాశం, పచ్చటి ఆకులు, పదునైన నీడలు ఉంటాయి. నక్షత్రాలు కనిపించకపోతే పట్టపగలని ప్రమాణం చేస్తారు.

మెత్తదనం మన కంటిలో ఉంది. అంత తక్కువ వెలుగులో రంగులు పట్టే శంకు కణాలు దాదాపు పని మానేస్తాయి, దండ కణాలు అందుకుంటాయి. వాటికి రంగు తెలియదు, సూక్ష్మాలు తెలియవు. నేల మీది గీత కంట్లోకి వచ్చేసరికి అలుక్కుపోతుంది. ఎరుపంటే వాటికి దాదాపు నలుపు. తెల్లవారుజామున ఎర్ర పువ్వులు నల్లగా, ఆకులు వాటికన్నా వెలుగుగా కనబడటాన్ని 19వ శతాబ్దపు తొలినాళ్లలో చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే గమనించి రాశాడు.

దెయ్యాల మీద కూడా ఒక మాట. కంటి నడిబొడ్డున, మనం సూటిగా చూసే చోట, దండ కణాలు అసలే ఉండవు. చీకట్లో ఓరకంట లీలగా కనిపించిన తెల్లటిది తల తిప్పి సూటిగా చూస్తే మాయమవుతుంది. చూపు మళ్లిస్తే మళ్లీ వస్తుంది. దెయ్యానికి ఇంతకన్నా మంచి ప్రవర్తన ఎవరూ రాయలేరు. నక్షత్రాలు చూసేవాళ్లు ఈ కిటుకునే వాడుకుంటారు, నెబ్యులాలనే మసక ధూళి మేఘాలను పక్కచూపుతో చూస్తారు.

ఇక మనం రోజూ నేర్చుకున్న పాఠం ఒకటుంది: వెలుగు తగ్గితే నీడ మెత్తబడుతుంది. మబ్బు, సంజ, వెన్నెల, అన్నీ అలాగే కనిపిస్తాయి. ఆ పాఠాన్ని తలకిందులు చేసేది సంపూర్ణ సూర్యగ్రహణం. చివరి నిమిషాల్లో సూర్యుడు గోటి అంచంత నెలవంకైపోతాడు. వెలుగు సంజవేళంత తగ్గుతుంది, కానీ దీపం సన్నబడింది కనుక నీడల అంచులు అంతకంతకూ పదునెక్కుతాయి. మసక వెలుతురూ కరుకు నీడలూ కలిసి కనబడే వేళలు అరుదు. ఆ క్షణాన వెన్నులో చలి పుట్టిందని చూసినవాళ్లు చెబితే నేను నవ్వను. గ్రహణమంటే భయపడ్డ పూర్వులనూ నవ్వను. వాళ్ల కళ్లకు నిజంగానే ఏదో తేడాగా కనిపించింది, దాన్ని రాహువుకు అంటగట్టడం దగ్గరే పేచీ.

2027 ఆగస్టు 2న అలాంటి గ్రహణం దక్షిణ స్పెయిన్, ఉత్తర ఆఫ్రికా, అరేబియాల మీదుగా పోతుంది. ఆ దారిలో ఉండే అదృష్టం పడితే, పైకి చూడటానికి సరైన గ్రహణపు కళ్లద్దాలు ఎలాగూ తీసుకెళతారు. చీకటి కమ్మడానికి ముందు ఒక్క నిమిషం కిందికి కూడా చూడండి. నెలవంక సన్నగా ఉన్నది ఒక దిక్కుకే, పొడవు దిక్కున ఇంకా వెడల్పే. కాబట్టి నీడ కూడా ఒక దిక్కునే పదునెక్కుతుంది. తెల్ల కాగితం మీద ముంజేతి నీడ పడేలా పట్టుకుని, మణికట్టును మెల్లగా తిప్పుతూ పోండి. ఒక కోణం దగ్గర, మామూలు ఎండలో ఎన్నడూ కనబడని చేతి వెంట్రుకలు ఒక్కొక్కటిగా కాగితం మీద మొలుస్తాయి. ఇంకాస్త తిప్పితే మాయమవుతాయి.