ఫోర్‌హ్యాండ్ వేగం, ఎముకల వయసు

2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో ఉక్రెయిన్ అమ్మాయి అలోనా బొండారెంకోను ఓడించేనాటికి సానియా మీర్జాకు 18 ఏళ్లు. మహిళల టెన్నిస్ సంఘం (డబ్ల్యూటీఏ) సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్లింది. 2007 ఆగస్టులో ప్రపంచ ర్యాంకింగ్స్‌లో 27వ స్థానానికి చేరింది. ఆ మరుసటి ఏడాదే కుడి మణికట్టుకు ఆపరేషన్ జరిగింది. బీజింగ్ ఒలింపిక్స్‌లో తొలి రౌండ్ మ్యాచ్‌ను మణికట్టు నొప్పితో మధ్యలోనే వదిలేయాల్సి వచ్చింది. సింగిల్స్‌లో ఆ 27ను ఆమె మళ్లీ అందుకోలేదు.

దీన్ని దురదృష్టం ఖాతాలో వేసేసి ఊరుకుంటే, ఇప్పుడు మన నగరంలో రాకెట్ పట్టుకున్న పిల్లలకు ఏమీ మిగలదు. టెన్నిస్‌లో ఆట ఎదిగే వేగం వేరు, ఎముక ఎదిగే వేగం వేరు. 15 ఏళ్ల పిల్ల పెద్దవాళ్లతో సమానంగా బంతిని బాదగలదు. ఆ దెబ్బను భరించే మణికట్టుకు, నడుముకు ఆ వయసులో ఇంకా ఎదుగుదల పూర్తికాదు. ఛాంపియన్ కెరీర్ ఎంతకాలం నిలుస్తుందన్నది చాలావరకు ఈ తేడాను ఎవరు, ఎలా చూసుకున్నారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు ఫోర్‌హ్యాండ్ సంగతి, అంటే రాకెట్ పట్టిన చేతి వైపు వచ్చిన బంతిని కొట్టే దెబ్బ. బంతి బరువు 56 నుంచి 59.4 గ్రాముల మధ్య ఉండాలని నియమం. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వచ్చిన బంతిని 108 కిలోమీటర్ల వేగంతో వెనక్కి పంపాం అనుకుందాం. అంటే సెకనుకు 20 మీటర్లతో వచ్చింది 30 మీటర్లతో పోయింది, వేగంలో మొత్తం మార్పు 50 మీటర్లు. బంతి తీగల మీద ఉండేది సుమారు 5 మిల్లీ సెకన్లే. లెక్క కడితే ఆ కాస్త సమయంలో తీగల మీద పడే సగటు బలం దాదాపు 570 న్యూటన్లు, అంటే 58 కిలోల బరువు మోపినట్టు. బంతి సరిగ్గా మధ్యలో తగిలితే ఇందులో చాలాభాగాన్ని రాకెట్ బరువే ఆపుతుంది. మధ్య నుంచి అంచు వైపు నాలుగు సెంటీమీటర్లు పక్కకు తగిలితే రాకెట్ చేతిలో మెలి తిరుగుతుంది, ఆ మెలిని ఆపాల్సింది ముంజేయి, మణికట్టే.

బంతిని ముందుకు గిరగిరా తిప్పుతూ కొట్టే ఈనాటి టాప్‌స్పిన్ ఫోర్‌హ్యాండ్‌లో మణికట్టు ముందు బాగా వెనక్కి వంగుతుంది, రాకెట్ తల చేతి వెనక వేలాడుతూ వచ్చి, బంతి దగ్గర ఒక్కసారిగా ముందుకు దూసుకొస్తుంది. అరచేయి హ్యాండిల్ కిందికి జరిగే వెస్టర్న్ గ్రిప్ పట్టినవాళ్లకు నొప్పి ఎక్కువగా చిటికెన వేలు వైపు వస్తుంది. అరచేయి హ్యాండిల్ పక్కన ఉండే ఈస్టర్న్ గ్రిప్ వాళ్లకు బొటనవేలు వైపు. చిటికెన వేలు వైపు మణికట్టులో త్రికోణాకారపు మృదులాస్థి ఒకటి ఉంటుంది. ముంజేతిలోని రెండు ఎముకలను చివర కలిపి పట్టి ఉంచేది అదే. దాని పక్కనే గాడిలో జారే స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) మరొకటి. ఈ రెండూ అరిగితే తలుపు గొళ్లెం తిప్పినా నొప్పి పుడుతుంది. అంతదాకా రాకముందే కోచ్‌కు ఒక గుర్తు కనపడుతుంది: పిల్ల బంతిని తుంటి ముందు కాకుండా పక్కన, ఆలస్యంగా కొడుతుంది. ఆలస్యమైన ప్రతి షాట్‌లోనూ కాళ్లు, నడుము ఇవ్వాల్సిన వేగాన్ని మణికట్టు ఒక్కటే తెచ్చిపెట్టాలి. కాబట్టి మణికట్టు నొప్పి అనగానే పట్టీ చుట్టడం కంటే ముందు పాదాలు చూడాలి.

ఎముకకు టెన్నిస్ చేసే మేలు కూడా తక్కువేం కాదు. ఆడే చేతి ఎముక రెండో చేతి ఎముక కంటే మందంగా, గట్టిగా తయారవుతుంది. రజస్వల కాకముందు, లేదా ఆ సమయానికి ఆట మొదలుపెట్టిన అమ్మాయిల్లో ఈ తేడా, ఆ తర్వాత మొదలుపెట్టిన వాళ్లలో కంటే సుమారు రెట్టింపు ఉంటుంది. సానియా ఆరేళ్లకే మొదలుపెట్టింది. అందుకని చిన్నప్పుడే ఆడించడం తప్పని మేం అనడం లేదు, ఎంత ఆడించాలన్నదే ప్రశ్న. ఎముక చివర ఉండే ఎదుగుదల పొర మృదులాస్థితో చేసింది. ఎముక మొత్తంలో ఒత్తిడికి ముందు లొంగేది అదే. మణికట్టు దగ్గర ఈ పొర అమ్మాయిల్లో సుమారు 15–17 ఏళ్లకు, అబ్బాయిల్లో 17–19 ఏళ్లకు గాని మూసుకోదు. అమ్మాయిలు 12 ఏళ్ల ప్రాంతంలో, అబ్బాయిలు 14 ప్రాంతంలో ఒక్కసారిగా సాగుతారు. ఆ ఏడాది ఎత్తు 8 సెంటీమీటర్లకు పైగా పెరగొచ్చు. ఎముక సాగినంత త్వరగా కండరం, స్నాయువు సాగవు. అందుకే ప్రతి మూడు నెలలకోసారి గోడకు నిలబెట్టి ఎత్తు రాసుకోవాలి. మూడు నెలల్లో 2 సెంటీమీటర్లు దాటిందంటే ఆ కాలంలో సర్వ్‌ల (పాయింటు మొదలుపెట్టడానికి బంతిని పైకి ఎగరేసి కొట్టే దెబ్బల) సంఖ్య తగ్గించాలి. దీనికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. క్రీడా వైద్యులు చెప్పే మరో లెక్క కూడా గుర్తుంచుకోవడం సులువే: వారానికి ఆడే గంటలు పిల్లల వయసును దాటకూడదు. పదేళ్ల పిల్లకు వారానికి పది గంటలు మించితే గాయాల ప్రమాదం పెరుగుతుంది.

సర్వ్ దగ్గర చాలామంది తల్లిదండ్రులు తొందరపడతారు. అక్కడ అడ్డొచ్చేది రేఖాగణితం. కోర్టు చివరి గీత అయిన బేస్‌లైన్ నుంచి నెట్‌కు 11.885 మీటర్లు, నెట్ నుంచి సర్వ్ దాటకుండా పడాల్సిన సర్వీస్ లైన్‌కు 6.40 మీటర్లు, నెట్ ఎత్తు మధ్యలో 0.914 మీటర్లు. సర్వీస్ లైన్ నుంచి నెట్ పైఅంచును తాకుతూ ఒక గీత గీసి వెనక్కి పొడిగిస్తే బేస్‌లైన్ దగ్గర అది 2.61 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. మనిషి సర్వ్ కొట్టే ఎత్తు తన ఎత్తుకు సుమారు ఒకటిన్నర రెట్లు. సానియా ఎత్తు 1.73 మీటర్లు, అంటే 2.6 మీటర్ల దగ్గర బంతి తగులుతుంది. ఆ గీత మీదే నిలబడ్డట్టు. 1.40 మీటర్ల పదేళ్ల పిల్ల 2.1 మీటర్ల దగ్గరే కొడుతుంది. గీత కంటే అర మీటరు కిందన్నమాట. ఆ పిల్ల సర్వ్ లోపల పడాలంటే వేగం తగ్గించి భూమ్యాకర్షణకు సమయం ఇవ్వాలి, లేదా టాప్‌స్పిన్‌తో బంతిని కిందికి వంచాలి. టాప్‌స్పిన్ కోసం బంతిని తల మీదుగా వెనక్కి విసిరి, నడుమును విల్లులా వంచి, మెలి తిప్పి కొడతారు. ఎదిగే పిల్లల నడుం వెన్నుపూసల్లో సన్నని పగుళ్లు వచ్చేది సరిగ్గా ఈ కదలికతోనే, ఎక్కువగా చిట్టచివరి నడుం పూస దగ్గర. ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగితే ఒకవైపు నొప్పి పుడితే అది కండరం పట్టేయడం అనుకోకూడదు. ఆట ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి.

ఆట పిల్లల ఎత్తుకు, బలానికి తగ్గట్టు ఉండాలనే 2012 నుంచి అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య పదేళ్లలోపు పోటీల్లో మామూలు పసుపు బంతిని పక్కనపెట్టింది. ఎర్ర బంతి 75 శాతం నెమ్మది, దాని కోర్టు పొడవు 11 మీటర్లు. నారింజ బంతి 50 శాతం నెమ్మది, కోర్టు 18 మీటర్లు. పచ్చ చుక్క బంతి 25 శాతం నెమ్మది, కోర్టు పూర్తిది. రాకెట్ కూడా అలాగే ఎదగాలి: ఎర్ర బంతికి 23 అంగుళాల లోపు, నారింజకు 25 వరకు, ఆ తర్వాత 26, చివరికి 27. ఎలాగూ ఎదుగుతుంది కదా అని ఎనిమిదేళ్ల పిల్లకు 27 అంగుళాల, 300 గ్రాముల రాకెట్ కొనిపెట్టడం మన దగ్గర తరచూ జరిగే పొరపాటు. రాకెట్ తల బరువు ఆ పిల్ల మణికట్టును వెనక్కి లాగేస్తుంది, ఆలస్యపు షాట్ అలవాటవుతుంది, ఆ అలవాటును 14 ఏళ్లకు మాన్పించడం చాలా కష్టం. తీగల విషయంలోనూ అంతే. పాలియెస్టర్ గట్టిది, దెబ్బను చేతికి పంపుతుంది. ఎదుగుదల ఆగేదాకా సన్నని పోగులు కలిపి చేసిన మెత్తటి మల్టీఫిలమెంట్ తీగలు, 50 పౌండ్లకు అటూ ఇటూ బిగువు చాలు.

హైదరాబాద్‌లో దీనికి తోడు గాలి సంగతి ఒకటుంది. నగరం సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖ తీరంలో 20 డిగ్రీల వేడి ఉన్న రోజుతో పోలిస్తే, మే నెలలో 40 డిగ్రీల మధ్యాహ్నం ఇక్కడి గాలి సాంద్రత సుమారు 12 శాతం తక్కువ. గాలి అడ్డు ఆ మేరకు తగ్గుతుంది, స్పిన్ పట్టు కూడా తగ్గుతుంది. ఎండకు బంతి లోపలి పీడనం పెరిగి ఎత్తుకు లేస్తుంది. ఫలితంగా బేస్‌లైన్ లోపల పడాల్సిన షాట్ బయటికి పోతుంది. దాన్ని లోపల పెట్టడానికి పిల్లలు ఏం చేస్తారు? మణికట్టును ఇంకాస్త తిప్పుతారు. వేసవి శిబిరాల్లో మణికట్టు నొప్పులకు ఎండ కూడా ఒక దారి వేస్తుందంటే ఇలాగే. ఉదయం ఆరు నుంచి ఎనిమిది మధ్య ఆడిస్తే గాలీ చిక్కగా ఉంటుంది, ఒళ్లూ నిలుస్తుంది. వేడికి శరీరం అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు కావాలి. సెలవులు ఇచ్చిన మర్నాడే మూడు గంటలు ఆడించడం ప్రమాదం. సైడ్ మారిన ప్రతిసారీ 150–200 మిల్లీలీటర్లు తాగించాలి, గంట దాటితే ఉప్పు కలిసినది ఇవ్వాలి.

పెద్ద టోర్నీల్లో ఈ జాగ్రత్తను నియమంగానే రాసుకున్నారు. అమెరికా అమ్మాయి జెన్నిఫర్ కాప్రియాటీ 1990లో 13 ఏళ్లకే ప్రొఫెషనల్ అయ్యి, కొన్నేళ్లలోనే అలసిపోయి ఆటకు దూరమయ్యాక, డబ్ల్యూటీఏ 1995లో వయసు నిబంధన తెచ్చింది. చాలాకాలం దాని మూల లెక్క ఇది: 14 నిండకుండా ప్రొఫెషనల్ టోర్నీలే లేవు, 15 ఏళ్లకు ఏడాదికి 10, 16కు 12, 17కు 16, 18 నిండాకే పరిమితి లేదు. ర్యాంకును బట్టి కొన్ని అదనంగా దక్కేవి. కూతురు బాగా ఆడుతుంటే ఈ అంకెలు అడ్డంకిలా అనిపిస్తాయి. కానీ రాష్ట్ర, జాతీయ జూనియర్ టోర్నీలకు నెలకు మూడేసి తిప్పే ఇళ్లలో కూడా ఇలాంటి లెక్క ఒకటి గోడ మీద ఉండాలని మా గట్టి అభిప్రాయం.

సానియా రెండో కెరీర్‌ను ఈ కోణంలో చూడాలి. 2013లో సింగిల్స్ వదిలేసి డబుల్స్‌కే పరిమితమైంది. డబుల్స్‌లో ఒక్కొక్కరు నాలుగు గేముల్లో ఒక్కసారే సర్వ్ చేస్తారు, సింగిల్స్‌లో రెండింటికి ఒకటి. సింగిల్స్‌లో ఒక్కరే కాయాల్సిన వెడల్పు 8.23 మీటర్లు, డబుల్స్‌లో 10.97ను ఇద్దరు పంచుకుంటారు. మామూలు టూర్ టోర్నీల్లో మూడో సెట్ బదులు పది పాయింట్ల టైబ్రేక్ (ఫలితం తేల్చే పొట్టి గేమ్) ఉంటుంది. చేతికి పడే భారం తగ్గింది, ఫోర్‌హ్యాండ్ పదును తగ్గలేదు. 2015 ఏప్రిల్ 13న డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయింది, మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉంది. మార్టినా హింగిస్‌తో కలిసి 2015 వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. ఆ జోడీ వరుసగా 41 మ్యాచ్‌లు ఓడలేదు. మిక్స్‌డ్ డబుల్స్‌తో కలిపి ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లతో 2023 ఫిబ్రవరిలో, 36 ఏళ్ల వయసులో ఆట ముగించింది.

మణికట్టు గాయం తర్వాత తిరిగి కోర్టులోకి వచ్చే పిల్లలకు క్రమం ముఖ్యం. రోజువారీ పనుల్లో నొప్పి పూర్తిగా పోవాలి, పిడికిలి బలం రెండో చేతితో దాదాపు సమానం కావాలి. అప్పుడు సర్వీస్ లైన్ దగ్గర నిలబడి ఎర్ర బంతితో పావుగంట, రోజు విడిచి రోజు. వారం గడిచాక పచ్చ చుక్క బంతితో బేస్‌లైన్ దగ్గరికి. తర్వాత పసుపు బంతి, అదీ కొత్త డబ్బాలోది. పాతబడి, తడిసి బరువెక్కిన బంతులు చేతికి ఎక్కువ పని పెడతాయి. సర్వ్ అన్నింటికన్నా చివర, మొదట సగం బలంతో. ఒక మెట్టు దగ్గర మర్నాటి పొద్దుటికి నొప్పి కనిపిస్తే కింది మెట్టుకు దిగి రెండు రోజులు ఆగాలి. టోర్నీ ఎంట్రీ ఫీజు కట్టేశామన్నది పై మెట్టు ఎక్కడానికి కారణం కాదు.