అపోహలు – వాస్తవాలు: ఆదివాసీ పిల్లల చదువుకు వారి సంస్కృతే అడ్డంకా?

ఆదివాసీ ప్రాంతాల బడులలో ఎత్నోగ్రఫీ (మనుషుల మధ్య చాలాకాలం ఉండి, వారి రోజువారీ జీవితాన్ని దగ్గరగా చూసి రాసే అధ్యయనం) చేస్తున్నానని చెప్పగానే, ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లోనైనా, అధికారుల సమీక్షా సమావేశాల్లోనైనా నాకు తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది: "వాళ్ల సంస్కృతిలో ఏముందని పిల్లలు ఇలా బడి మానేస్తున్నారు?" అడిగేవారిలో చాలామంది ఆ పిల్లల మేలు కోరేవారే. అయినా ఆ ప్రశ్నలోనే జవాబు ముందుగా నిర్ణయమైపోయి ఉంటుంది. కారణం పిల్లవాడి ఇంట్లోనో, గూడెం పండుగల్లోనో, తల్లిదండ్రుల స్వభావంలోనో ఉందని, దాన్ని వెతికి చేతికివ్వడమే మా పని అని వారు అనుకుంటారు. మా రంగం చుట్టూ అల్లుకున్న అపోహలలో పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే కాబట్టి, ఇక్కడ ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను.

అపోహ: వారి సంస్కృతే చదువుకు అడ్డుపడుతోంది.

ఆదిలాబాద్ ప్రాంతంలోని ఒక గోండు గూడెం బడిలో పనిచేస్తున్నప్పుడు, దీపావళికి ముందు వచ్చే దండారి ఉత్సవాల వల్లే పిల్లలు చదువుకు దూరమవుతున్నారని అక్కడి ఉపాధ్యాయుడు నాకు గట్టిగా చెప్పారు. ఆయన అనుమతితోనే హాజరు పట్టీ తీసుకుని, నెలనెలా గైర్హాజరు గుర్తులను నా క్షేత్ర డైరీతో పక్కపక్కన పెట్టి చూశాను. దండారి రోజుల్లో పిల్లలు రాకపోయిన మాట నిజమే కానీ, ఆ ఉత్సవాల్లో నర్తకులు వేసే గుస్సాడీ వేషాలు దించాక దాదాపు అందరూ తిరిగి వచ్చారు. అసలు గండి పడింది వానాకాలంలో. వాగు పొంగినప్పుడల్లా అవతలి గుడిసెల పిల్లల వరుసలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆ తరువాత జ్వరాలు వచ్చాయి. ఉన్న ఒక్క ఉపాధ్యాయుడిని మండల కేంద్రంలో సమావేశాలకు పిలిచిన రోజుల్లో బడికి తాళం పడేది. అంత దూరం నడిచి వెళ్లి తాళం చూసి వెనక్కి వచ్చిన పిల్లలను మరునాడు పంపడానికి ఏ తల్లి మాత్రం ఉత్సాహం చూపుతుంది? ఆ ఏడాది బడి పూర్తిగా మానేసిన పిల్లల పేర్లు విడిగా రాసుకుంటే, వారందరూ వాగు అవతలివారే. పండుగ అందరికీ కనబడుతుంది కాబట్టి నింద దాని మీద పడింది. వాగు మీద వంతెన లేకపోవడం ఆ ఊరికి అలవాటైపోయింది కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

ఈ అపోహకు రెండో రూపం పిల్లల మౌనం గురించినది. "వీళ్లకు బిడియం ఎక్కువ, ఎంత అడిగినా నోరు విప్పరు" అని నేను వెళ్లిన ప్రతి బడిలోనూ విన్నాను. మరో బడిలో మూడో తరగతి పిల్లల మధ్య కింద కూర్చున్నప్పుడు చూసిన సంగతి చెబుతాను. తీసివేతలో ఒకట్ల స్థానంలో అంకె చాలనప్పుడు పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవాలని ఉపాధ్యాయురాలు తెలుగులో చెబుతున్నారు. వెనక వరుసలో ఒక అబ్బాయి పది చీపురుపుల్లలు కట్టిన కట్టను విప్పి, పక్కనున్న చిన్నవాడి ముందు ఒక్కొక్కటే పేరుస్తూ, ఆ లెక్కనే గోండీలో వివరిస్తున్నాడు. ముచ్చట్లు పెడుతున్నారనుకుని ఆమె ఇద్దరినీ వేరువేరు చోట్ల కూర్చోబెట్టారు. ఆ తరువాత బల్ల దగ్గరికి పిలిచి లెక్క అడిగితే పెద్దవాడు తల వంచుకుని నిలబడ్డాడు. అతని పేరు ఎదుట ఆమె నివేదికలో అప్పటికే "గ్రహణశక్తి తక్కువ" అని ఉంది. ఆమెను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఐదు తరగతులను ఒక్కరే చూసుకుంటూ, పిల్లల భాషలో ఒక్క రోజు శిక్షణ కూడా అందుకోని మనిషి ఆ గుసగుసలో గణితం ఉందని ఎలా గుర్తించగలరు? సంగతి చెప్పినప్పుడు ఆమె చాలాసేపు బాధపడి, మరుసటి వారం నుంచి పిల్లలను జంటలుగా కూర్చోబెట్టారు.

ఈ మౌనం మన గూడేలకు మాత్రమే పరిమితమైనదేమీ కాదు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, వార్మ్ స్ప్రింగ్స్ స్థానిక తెగల పిల్లలపై పనిచేసిన మానవశాస్త్రవేత్త సూసన్ ఫిలిప్స్ 1972లో ప్రచురించిన వ్యాసంలో ఇదే చూపించారు. తరగతిలో అందరి ముందూ ఒక్కరినే లేపి ప్రశ్నించినప్పుడు మాట్లాడని పిల్లలు, చిన్న బృందాలుగా కలిసి పని చేసేటప్పుడు, లేదా ఉపాధ్యాయురాలి దగ్గర విడిగా ఉన్నప్పుడు చక్కగా మాట్లాడారు. ఇంట్లో మాట్లాడే పద్ధతి వేరు, బడి కోరే పద్ధతి వేరు. ఆ తేడా ఎక్కడుందో కనిపెట్టి బోధనను సర్దుకోవడానికే ఎత్నోగ్రఫీ పనికొస్తుంది. దాన్ని పిల్లల లోపాల జాబితాగా మార్చడం మా పని కాదు.

ఇందులో మా రంగానికీ బాధ్యత ఉంది. అమెరికా మానవశాస్త్రవేత్త ఆస్కార్ లూయిస్ 1950ల చివర "పేదరికపు సంస్కృతి" అనే భావనను ముందుకు తెచ్చిన తరువాత, పేదల అలవాట్లే వారి పేదరికానికి కారణమని వాదించేవారికి అది ఆధారమైంది. మానవశాస్త్రంలో దాని మీద తీవ్ర విమర్శలు వచ్చినా, కార్యాలయాల్లో ఆ ఆలోచన ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నష్టం ఎక్కడ జరుగుతుందో చూడండి. నివేదికలో కారణం "సంస్కృతి" అని రాశాక, వంతెన, రెండో ఉపాధ్యాయుడు, భాష తెలిసిన విద్యా వాలంటీరు అనే మాటలు ఫైలులోకి రానే రావు. మిగిలే పరిష్కారం ఒక్కటే: పిల్లవాడిని చిన్న వయసులోనే ఇంటి నుంచి తీసి దూరపు హాస్టలులో చేర్చడం.

ఆదివాసులకు చదువు మీద ఆసక్తి లేదనే మాటను మన చరిత్రే కొట్టిపారేస్తుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సవర పిల్లల కోసం సొంత ఖర్చుతో బడులు నడిపారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము హతుడైన తరువాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులను పరిశీలించే పని మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌కు అప్పగించింది; ఆ దశకంలోనే ఆదిలాబాద్ ప్రాంతంలోని మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారు చేసే కేంద్రం ఏర్పడింది. తమ మనిషి, తమ మాటతో పాఠం చెప్పినప్పుడు పిల్లలు వచ్చారు.

అపోహ: ఇంటి భాషలో చెబితే పిల్లలు తెలుగులో, ఇంగ్లీషులో వెనకబడతారు.

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే ఇది పిల్లవాడి ఉద్యోగం గురించి ఆలోచించే తల్లిదండ్రుల భయం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం గోండీ, కోయ, కొలామీ, కువి, సవర, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషలలో తెలుగు లిపితోనే పుస్తకాలు తయారు చేసింది. ఇంటి భాషతో మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకి నడిపించడమే దాని పద్ధతి. తెలుగును తీసివేయడం అందులో లేదు. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం, వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతున్నాయి. అర్థమైన భాషలో చదవడం నేర్చిన పిల్లవాడు రెండో భాషకు ఆ నేర్పును వెంట తీసుకువెళ్తాడు.

అపోహ: పరిశోధకులకు వివరాలు చెబితే ఎస్టీ సర్టిఫికెట్లు రద్దవుతాయి.

ఈ పుకారును పుట్టించేవారిపై నాకు ఏ మాత్రం సహనం లేదు. దీనివల్ల తలుపులు వేసుకునే కుటుంబాలపై మాత్రం సానుభూతే ఉంది. ఎస్టీ జాబితాలో ఒక తెగను చేర్చాలన్నా, తొలగించాలన్నా 342వ అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టం చేయాలి. ఒక వ్యక్తి ధ్రువపత్రంపై వివాదం వస్తే దానికి కుల ధ్రువపత్రాల జారీకి సంబంధించిన 1993 నాటి రాష్ట్ర చట్టం కింద వేరే విచారణ, నోటీసు ఉంటాయి. బడి గురించి రాసుకునే విశ్వవిద్యాలయ పరిశోధకుడికి ఆ అధికారం ఏదీ లేదు.

మిగిలినవి క్లుప్తంగా. ఒక గూడెం చూసి ఏం తేలుతుందని అడుగుతారు: ఎంతమంది బడి మానేశారో సర్వే చెబుతుంది, ఏ దారిలో మానేశారో తెలుసుకోవాలంటే అక్కడ ఉండి చూడవలసిందే, రెండూ కావాలి. డప్పు, నృత్యం, నగల ఫొటోలు తీస్తే సంస్కృతిని నమోదు చేసినట్టేనని మరికొందరు అనుకుంటారు. పొద్దున నీళ్లు ఎవరు తెస్తారు, చిన్నపిల్లలను ఎవరు చూసుకుంటారు, బడి గంట కొట్టేటప్పటికి ఇంట్లో ఏ పని నడుస్తోంది అన్నవి కూడా సంస్కృతే, చదువుకు అవే దగ్గర. ప్రశ్నావళి పట్టుకుని రెండు రోజులు తిరిగి వచ్చిన పనిని ఎత్నోగ్రఫీ అనడం తప్పు. పంట కాలమూ వానాకాలమూ రెండూ చూడనివారు హాజరు గురించి తీర్పు చెప్పకూడదు.

ఇక, పరిశోధకుడు ఇంటికి వస్తే కాదనకూడదని చాలామంది అనుకుంటారు. అలాంటి నియమమేదీ లేదు. పని ఏమిటో, రాసినది ఎవరు చదువుతారో అడిగి తెలుసుకోవచ్చు, ఫొటో వద్దనవచ్చు, చెప్పిన మాటను తరువాత వెనక్కి తీసుకోవచ్చు. పేర్లు మార్చి రాయడం మా రంగంలో మామూలు నియమమే అయినా, పాతిక ఇళ్ల గూడెంలో పేరు మార్చినంత మాత్రాన మనిషి ఎవరో తెలియకుండా పోదు కాబట్టి, గుర్తుపట్టించే వివరాలను పూర్తిగా వదిలేయమని అడగడానికి ఎవరూ సంకోచించనక్కరలేదు.